మూర్‌ల్యాండ్ లోయల్లో కాలినడక: వాగు వెంట పైకి నడిచే పద్ధతి

బ్రిటన్ మూర్‌ల్యాండ్ దూరం నుంచి ఒకే ఎత్తున పరచుకున్న బీడు పీఠభూమిలా కనిపిస్తుంది. హెదర్ పొదలు, తెల్లని కుచ్చులతో ఊగే పత్తిగడ్డి, కాలు వేస్తే దిగబడే నల్లటి పీట్ నేల (కుళ్లిన మొక్కలతో ఏర్పడిన తడి నేల) తప్ప అక్కడ ఇంకేమీ లేదనుకుని చాలామంది మ్యాపులో అన్నింటికన్నా ఎత్తైన చోటు దాకా వెళ్లి వెనుదిరుగుతారు. నిజానికి ఆ నేలలో చూడదగ్గదంతా దాని అంచుల్లోనే ఉంటుంది. పైన కురిసిన వాన వేల ఏళ్లుగా కోసుకుంటూ దిగిన ఇరుకు లోయలు, గండ్లు, బండరాళ్ల మధ్య మెట్లు మెట్లుగా దూకే వాగులు అంచు మీదికి వచ్చి నిలబడేదాకా కంటపడవు. తాళ్లు కట్టుకుని జలపాతాల మీదుగా దిగే క్రీడ వేరు. ఇక్కడ చెప్పబోయేది రోజుకు ఐదారు గంటలు నడవగలిగిన మామూలు మనిషి రెండు కాళ్ల మీద, అప్పుడప్పుడు చేతుల ఊతంతో చేయగలిగిన నడక గురించి. దానికి ప్రత్యేకమైన పరికరాలు పెద్దగా అక్కర్లేదు గాని, శిఖరం ఎక్కేవారికి పట్టని కొన్ని జాగ్రత్తలు మాత్రం తప్పవు.

అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. తెలియని లోయను ఎప్పుడూ కింది నుంచి పైకే నడవాలి. పైనుంచి దిగేవారికి వాగే దారి చూపుతున్నట్టు ఉంటుంది. కాని జలపాతం ఎంత లోతుందో పైనుంచి తెలియదు. మొదట మనిషెత్తు బండ ఒకటి దిగుతారు, తరువాత దానికన్నా కాస్త పెద్దది జారుతూ దిగుతారు, ఆ తరువాత దిగడానికి వీలులేని చోటు వస్తుంది, అప్పటికి జారి వచ్చిన బండను తిరిగి ఎక్కడం సాధ్యం కాదు. కింది నుంచి వెళ్లేవారికి ఎక్కలేని అడ్డు ముందే ఎదురుగా కనిపిస్తుంది. వచ్చిన దారి తెలిసినదే కాబట్టి వెనక్కి తిరగడానికి ఇబ్బంది ఉండదు. రాతి మీద ఎక్కేటప్పుడు పట్టు కంటి ముందుంటుంది, దిగేటప్పుడు పాదం కింద ఎక్కడో ఉంటుంది. అందువల్ల లోయలో ఎక్కి, పక్కనున్న గట్టు మీది బాటలో దిగేలా దారి వేసుకోవడం మంచిది.

ఏ లోయ ఎలా పుట్టింది

లోయ పుట్టుక తెలిస్తే కాలి కింద ఏం ఎదురవుతుందో ముందే ఊహించవచ్చు. ఇంగ్లండ్‌లో పీక్ డిస్ట్రిక్ట్ ఉత్తర భాగమైన డార్క్ పీక్‌లో పైన గట్టి మిల్‌స్టోన్ గ్రిట్ ఇసుకరాయి, దాని కింద మెత్తని షేల్ పొరలు ఉంటాయి. వాగు షేల్‌ను తేలికగా కోసేస్తుంది. పైనున్న ఇసుకరాయి ఆధారం కోల్పోయి పెద్ద పెద్ద దిమ్మెలుగా విరిగి పడుతుంది. అందుకే అక్కడి లోయలు మొదట్లో పచ్చిక ఒడ్డుతో, మట్టి బాటతో సాత్వికంగా మొదలై, పైకి పోయేకొద్దీ ఇరుకై, చివరి వంద మీటర్ల ఎత్తులో బండరాళ్ల గుట్టగా మారతాయి. కష్టమంతా ఆఖరున, కాళ్లు అలసిన తరువాత వస్తుందన్నమాట. లోయ కింది భాగంలో ఇంకో రకమైన చిక్కు ఉంది: షేల్ ఒడ్డులు వాన తరువాత బంకమట్టిలా జారి, బాటతో సహా వాగులోకి కూలుతుంటాయి. నిన్నటి దాకా ఉన్న బాట ఇవాళ గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తే, దాని అంచు మీదుగా పోకుండా పైనుంచి చుట్టు తిరిగి వెళ్లాలి.

డెవన్‌లోని డార్ట్‌మూర్ గ్రానైట్ పీఠభూమి. అక్కడి నదులు పైన వెడల్పైన తడి పళ్లాల్లో నెమ్మదిగా పారి, పీఠభూమి అంచుకు రాగానే ఒక్కసారిగా లోతుకు దిగుతాయి. టేవీ క్లీవ్‌లో గ్రానైట్ దిమ్మెల మధ్య నడక ఈ తీరుకు మంచి ఉదాహరణ. లిడ్‌ఫర్డ్ గండి కథ వేరు. లిడ్ నదిని తక్కువ ఎత్తున పారే మరో వాగు తనలోకి లాగేసుకోవడంతో, ఆ కొత్త వాలు అందుకోవడానికి నది తన పాత అడుగును వేగంగా కోసుకుంటూ పోయింది. ఆ కోతే నేటి ఇరుకు గండి. సుమారు 30 మీటర్ల వైట్‌లేడీ జలపాతం అక్కడిదే. ఆ గండి నేషనల్ ట్రస్ట్ నిర్వహణలో ఉంది, లోపలికి టికెట్ తీసుకోవాలి, బాటలకు కమ్మీలు కూడా ఉన్నాయి. మొదటిసారి గండి ఎలా ఉంటుందో చూడాలనుకునేవారికి ఇలాంటి చోటే సరైనది, అందులో చిన్నతనమేమీ లేదు.

నార్త్ యార్క్ మూర్స్‌లో న్యూటన్‌డేల్‌ను మంచుయుగం చివర కరిగిన నీరు కోసింది. ఇప్పుడు అందులో పారే పికరింగ్ బెక్ అంత పెద్ద లోయకు ఏమాత్రం సరిపోని చిన్న వాగు. ఇలాంటి చోట లోయ అడుగు చదునుగా కనిపించినా చిత్తడిగా ఉంటుంది, కాబట్టి వాలు మీది బాటను వదలకూడదు. దానికి దగ్గరలోనే ఉన్న హోల్ ఆఫ్ హార్కమ్ సుమారు 120 మీటర్ల లోతు, కిలోమీటరుకు పైగా వెడల్పు ఉన్న గిన్నెలాంటి పల్లం. వాలు నుంచి ఊరే ఊటలు అడుగు మట్టిని కొద్దికొద్దిగా కడిగేయడం వల్ల అది అలా విస్తరించింది. ఉత్తర ఇంగ్లండ్ కొండల వరుస పెనైన్స్‌లో ఉత్తర భాగాన ఉన్న హై కప్ నిక్ గట్టి డోలరైట్ రాతి అంచున్న, హిమనదం చెక్కిన లోయ. పెనైన్ వే అనే సుదూర కాలిబాట దాని అంచు మీదుగా పోతుంది. దాన్ని అంచు నుంచి చూసి ఆనందించడం తేలిక, అడుగు నుంచి తలదాకా ఎక్కడం మాత్రం ఎవరికివారు ఆలోచించుకోవలసిన పని.

మ్యాపు ముందు కూర్చునే సాయంత్రం

ఈ నడకలకు బ్రిటన్ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 ఎక్స్‌ప్లోరర్ మ్యాపు తప్పనిసరి. డార్క్ పీక్‌కు ఓఎల్1, డార్ట్‌మూర్‌కు ఓఎల్28, నైరుతి ఇంగ్లండ్‌లోని ఎక్స్‌మూర్‌కు ఓఎల్9 షీట్లు. మ్యాపు మీద 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖల మధ్య ఎత్తు తేడా ఎంతో షీటు అంచున రాసి ఉంటుంది, అది చూడకుండా లెక్కలు వేయకూడదు. తేడా 10 మీటర్లు అనుకుందాం. వాగు వెంట ఒక సెంటీమీటరు పొడవులో నేల 8 కాంటూరు విరామాలు ఎక్కితే, 250 మీటర్ల దూరంలో 80 మీటర్ల ఎత్తు ఎక్కినట్టు. ఊపిరి బరువెక్కినా అది నడిచే వాలే. అవే 8 విరామాలు 4 మిల్లీమీటర్లలో ఇరుక్కుంటే 100 మీటర్లకు 80 మీటర్లు ఎక్కాలి, అక్కడ చేతులు వాడక తప్పదు. వాగు నీలి గీత మీద రేఖలు ఒకదానికొకటి తాకేంత దగ్గరైతే అక్కడ జలపాతం ఉందనుకుని బయలుదేరాలి, దాని పేరు మ్యాపులో ఉన్నా లేకపోయినా.

తరువాత చూడవలసింది తప్పించుకునే దారులు. లోయ రెండు వైపులా కాంటూరు రేఖలు ఎక్కడ కాస్త ఎడంగా ఉన్నాయో, ఎక్కడ పక్కవాగు కలుస్తోందో, ఎక్కడ గట్టు మీదికి బాట ఉందో గుర్తించి, వాటి గ్రిడ్ రిఫరెన్సులు (మ్యాపు గళ్ల ప్రకారం చోటును చెప్పే అంకెలు) కాగితం మీద రాసుకోవాలి. గుర్తుపెట్టుకుంటే చాలదా అనిపించవచ్చు. వానలో, చలిలో, తొందరలో మనిషికి గుర్తుండేవి చాలా తక్కువ. లోయలో అరగంట నడక దూరంలో పైకి ఎక్కే వీలు ఒక్కటీ కనిపించకపోతే, ఆ లోయను నిలకడగా పొడిగా ఉన్న రోజుకు వాయిదా వేయాలి.

ఎక్స్‌ప్లోరర్ మ్యాపు మీద ఆకుపచ్చ తెగిన గీతలు నడిచే హక్కున్న బాటలు. నల్ల తెగిన గీత అక్కడ బాట కనిపిస్తుందని మాత్రమే చెబుతుంది, నడిచే హక్కు గురించి ఏమీ చెప్పదు. పసుపు రంగు పూసిన నేల ఎవరైనా కాలినడకన తిరగదగ్గ ప్రాంతం. పేర్ల విషయానికి వస్తే పెనైన్స్‌లో క్లఫ్, ఉత్తరాన గిల్, డార్ట్‌మూర్‌లో క్లీవ్, నైరుతిలో కూమ్ అని ముగిసే పేర్లు లోయలవి; ఉత్తరాన బెక్, డార్క్ పీక్‌లో బ్రుక్ అంటే వాగు. మ్యాపు మీద వేలు పెట్టి వెతకడానికి ఈ మాటలు చాలు.

సమయం లెక్కకు స్కాట్లాండ్ కొండల మనిషి విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. దాని ప్రకారం గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 10 మీటర్లకు ఒక నిమిషం అదనం. 3 కిలోమీటర్ల లోయలో 300 మీటర్లు ఎక్కాలంటే 36 నిమిషాలకు 30 కలిపి 66 నిమిషాలు. ఇది బాట మీద నడకకు వేసిన లెక్క. బండల మధ్య, వాగు అటూ ఇటూ దాటుతూ వెళ్లేటప్పుడు దాన్ని రెట్టింపు చేసుకోవడం మంచిది, జట్టులో కొత్తవారుంటే ఇంకా ఎక్కువ. డిసెంబరులో ఇంగ్లండ్‌లో సాయంత్రం 4 గంటలకే పొద్దు గుంకుతుంది, అందులోనూ ఇరుకు లోయలో వెలుగు మధ్యాహ్నం నుంచే తగ్గిపోతుంది. కాబట్టి తలకు కట్టుకునే దీపం సంచిలో అన్ని కాలాల్లోనూ ఉండాలి.

నీరు

మూర్‌ల్యాండ్ లోయలో అసలు ప్రమాదం రాయి కాదు, నీరు. ఆ నీటి సంగతి లోయలో తేలదు, పైన పీఠభూమి మీద తేలుతుంది. పీట్ నేల నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుందని అందరూ అంటారు. అది కొంతవరకే నిజం. ఏడాదిలో చాలా భాగం ఆ నేల అప్పటికే నిండుగా తడిసి ఉంటుంది. దాని మీద కొత్తగా పడే వాన ఇంకే చోటు లేక వాలు పట్టి నేరుగా వాగులోకి దిగుతుంది. అందువల్ల ఈ వాగులు గంటల వ్యవధిలో ఉప్పొంగుతాయి, అంతే తొందరగా తగ్గుతాయి. నడిచే రోజు ఆకాశం తేటగా ఉందన్నది చాలదు, ముందు రెండు మూడు రోజుల్లో పైన ఎంత వాన కురిసిందో కూడా చూడాలి. పీక్ డిస్ట్రిక్ట్ వంటి ప్రాంతాలకు మెట్ ఆఫీస్ ప్రత్యేకంగా కొండ వాతావరణ సూచన ఇస్తుంది. ఇంగ్లండ్ నదుల నీటిమట్టాలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు కనిపిస్తాయి.

ఈ వాగులు ఎంత దూరం పోగలవో 1952 ఆగస్టు 15 రాత్రి ఎక్స్‌మూర్ చూపించింది. అప్పటికే తడిసి ఉన్న మూర్ మీద 24 గంటల్లో సుమారు 229 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ నీరంతా ఈస్ట్ లిన్, వెస్ట్ లిన్ నదుల ఇరుకు లోయల గుండా బండరాళ్లను, చెట్లను దొర్లించుకుంటూ లిన్‌మత్ ఊరి మీద పడి 34 మంది ప్రాణాలు తీసింది. ఇవాళ వాటర్స్‌మీట్ దగ్గర ఓక్ చెట్ల నీడలో ఆ నది పక్కనే బాట ఉంది, అందమైన నడక. అక్కడ నది మధ్యలో ఉన్న బండల పరిమాణం ఒకసారి గమనిస్తే, నీటికి ఎంత బలముందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోయలో ఉండగా వాగును చూస్తూ, వింటూ ఉండాలి. మామూలు రోజుల్లో కూడా పీట్ నీరు పలుచని డికాక్షన్ రంగులో ఉంటుంది. మలుపుల్లో తేలే నురగ కూడా సహజమే, చూసి కంగారు పడనక్కర్లేదు. కాని ఆ రంగు కళ్ల ముందే చిక్కబడుతున్నా, విరిగిన హెదర్ కొమ్మలు, గడ్డి తేలి వస్తున్నా, కాసేపటి క్రితం పొడిగా ఉన్న రాతి పైభాగం తడిసినా పైన వాన పడుతున్నట్టే. చప్పుడు కూడా మారుతుంది: విడివిడిగా వినిపించే గలగల ఒకే హోరుగా కలిసిపోతుంది, అడుగున రాళ్లు దొర్లే చప్పుడు దానికి తోడవుతుంది. అప్పుడు అటో ఇటో దాటి ముందుకు పోదామన్న ఆలోచన వదిలి, ఉన్న ఒడ్డు మీదే, రాసుకున్న దారి వెంట పైకి ఎక్కాలి.

దాటవలసిన చోటును ఎన్నుకునేటప్పుడు ఇరుకైన చోటు మనసును లాగుతుంది, అది తప్పు. ఇరుకైన చోట అదే నీరు లోతుగా, వేగంగా పారుతుంది. యార్క్‌షైర్‌లో బోల్టన్ అబ్బీ దగ్గర వార్ఫ్ నది స్ట్రిడ్ అనే చోట ఒక్క దూకుతో దాటేయవచ్చుననిపించేంత ఇరుకవుతుంది. పైకి చూస్తే చిన్న వాగు, కింద లోతైన రాతి చీలిక. అందులో పడి ఎందరో చనిపోయారు. వెడల్పుగా, పలుచగా, నున్నని గులకరాళ్ల మీద పారే చోటే దాటడానికి తగినది. దాని దిగువన జలపాతం గాని, వాలిన చెట్టు గాని ఉండకూడదు. బూట్లు విప్పకుండా, సంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ విప్పి, ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, చేతికర్రను ముందు మూడో కాలుగా ఆనించి, ఒక్కో పాదం పక్కకు జరుపుతూ దాటాలి. కర్ర, రెండు పాదాలు అనే మూడింటిలో రెండు ఆని ఉండగా ఒకటే కదలాలి. వేగంగా పారే నీరు మోకాలు దాటితే వెనుదిరగడమే సరి. రంగు నీటిలో అడుగు కనపడదు కాబట్టి లోతును కర్రతో కొలవాలే తప్ప కంటితో కాదు.

తాగడానికి వాగు నీరు వడకట్టి, మరిగించి లేదా మాత్ర వేసి మాత్రమే వాడాలి. ఎంత తేటగా ఉన్నా ఎగువన చచ్చిన గొర్రె ఉండవచ్చు, పాత సీసం గనులున్న లోయల్లో మరిగించినా పోని లోహాలు ఉండవచ్చు. అలాంటి చోట నీరు ఇంటి నుంచి తెచ్చుకోవడమే మేలు.

రాయి మీద, పొదల్లో

పొడిగా ఉన్న గ్రిట్ ఇసుకరాయి మీద రబ్బరు అడుగు బాగా పట్టుకుంటుంది, గరుకు కాగితం మీద నిలబడ్డట్టే. అదే రాయి వాగు పక్కన ఆకుపచ్చగా, నల్లగా పాచి పట్టి ఉంటే మాత్రం నమ్మకూడదు. తడిసినా లేతరంగులో గరుకుగా కనిపించే చోట అడుగు వేయాలి, నున్నగా మెరిసే చోటు వదలాలి. పెద్ద బండ మీద బరువు వేసే ముందు పాదంతో ఒకసారి నెట్టి చూడటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కొత్తగా పడిన దిమ్మెలు ఇంకా కుదురుకుని ఉండవు. జట్టుగా వెళ్లేటప్పుడు ఒకరి సరిగ్గా కింద ఇంకొకరు ఎక్కకూడదు. రాయి కదిలితే వెంటనే గట్టిగా కేక వేయాలి. బండలు మొదలయ్యాక చేతికర్రలు మడిచి సంచికి కట్టేయాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

చీలమండను పట్టి ఉంచే బూట్లు, నీరు చొరని పైచొక్కా, ప్యాంటు, మార్చుకోవడానికి పొడి ఉన్ని పొర, టోపీ, చేతి తొడుగులు వేసవిలో కూడా ఉండాలి. జీన్స్ వేసుకుని రావద్దు. తడిస్తే బరువెక్కుతాయి, ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. నిక్కర్లు కూడా ఈ లోయలకు తగవు. వేసవి చివర్లో బ్రాకెన్ ఫెర్న్ నడుము దాటి పెరిగి బాటను కప్పేస్తుంది, ఆ ఆకుల మీద పురుగులు, ముఖ్యంగా గొర్రెలను, జింకలను పట్టే పిడుదులు కాచుకుని ఉంటాయి. వాటి వల్ల లైమ్ జబ్బు రావచ్చు. ఇంటికి చేరగానే మోకాళ్ల వెనుక, తొడ మడతల్లో, చంకల్లో వెతకాలి. కనిపిస్తే సన్నని మొనల పట్టకారుతో చర్మానికి వీలైనంత దగ్గరగా పట్టి, నలపకుండా నిటారుగా లాగాలి. ఆ తరువాత వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ విస్తరిస్తూ కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. బ్రిటన్‌లో సహజంగా ఉండే ఒకే ఒక్క విషసర్పం ఆడర్, వసంతంలో ఎండ పడే రాళ్ల మీద పడుకుంటుంది. దాన్ని కదపకుండా వదిలేస్తే అది మనల్ని పట్టించుకోదు. కాటు పడితే ఆ అవయవాన్ని కదలకుండా ఉంచి 999కు ఫోన్ చేయాలి, కోయడం, గట్టిగా కట్టు కట్టడం వంటివి చేయకూడదు.

మొదటి నడకకు రెండు లోయలు

డార్క్ పీక్‌లో 636 మీటర్ల కిండర్ స్కౌట్ చుట్టూ ఉన్న లోయలు నేర్చుకోవడానికి అనువైనవి. మాంచెస్టర్, షెఫీల్డ్ మధ్య రైలు ఆగే ఈడేల్ ఊరి నుంచి గ్రైండ్స్‌బ్రుక్ క్లఫ్ మొదలవుతుంది. ఊరు దాటి, చిన్న వంతెన మీదుగా చెట్ల మధ్యకు, అక్కడి నుంచి పచ్చికలోకి వచ్చేసరికి లోయ ఇంకా వెడల్పుగానే ఉంటుంది. పైకి పోయేకొద్దీ గట్లు దగ్గరై, బాట వాగు అడుగులోని బండల్లో కలిసిపోతుంది. 1965లో మొదలైన పెనైన్ వే పాత దారి దీనిగుండానే పోయేది, తాకిడికి నేల కోసుకుపోవడంతో అసలు దారిని పడమరగా జేకబ్స్ ల్యాడర్ మీదికి మార్చారు. గ్రైండ్స్‌బ్రుక్‌లో ఎక్కి, పీఠభూమి అంచు బాటలో పడమరకు నడిచి, జేకబ్స్ ల్యాడర్ మీదుగా ఈడేల్‌కు దిగితే ఒక నిండు రోజు.

రెండోది పడమటి వైపు హేఫీల్డ్ నుంచి కిండర్ జలాశయం పక్కగా వెళ్లే విలియం క్లఫ్. బాట వాగును మాటిమాటికి దాటుతుంది, కాని ఎక్కడా పెద్ద బండలు లేవు, కాబట్టి దాటడం అభ్యాసం చేయడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. 1932 ఏప్రిల్ 24న, వేటకోసం మూసి ఉంచిన మూర్ మీద నడిచే హక్కు కావాలంటూ వందలాది మంది ఈ దారిలోనే పైకి వెళ్లారు. వారిలో ఐదుగురికి జైలు శిక్ష పడింది. అక్కడి నుంచి పీఠభూమి అంచు పట్టుకుని దక్షిణంగా వెళితే 30 మీటర్ల కిండర్ డౌన్‌ఫాల్ వస్తుంది. పడమటి గాలి బలంగా వీచిన రోజు దాని నీరు కింద పడకుండా తిరిగి పైకి ఎగిరి, అంచున నిలబడ్డవారిని తడిపేస్తుంది.

ఈ క్లఫ్‌లలో ఆగి చూడటానికి పెద్ద జలపాతాలే ఉండనక్కర్లేదు. మడుగు మధ్య రాతి మీద తెల్లని రొమ్ముతో గోధుమరంగు పక్షి ఒకటి మోకాళ్లు వంచి లేస్తున్నట్టు ఊగుతూ కనిపిస్తే అది డిప్పర్. కాసేపు కదలకుండా ఉంటే అది నడిచి నీటిలోకి దిగి, మునిగి, అడుగు రాళ్ల కింద పురుగుల్ని ఏరుకుని మరోచోట పైకి తేలుతుంది. రాతి గట్ల మీద రొమ్ము మీద తెల్లని పట్టీ ఉన్న నల్లని పక్షి రింగ్ ఔజెల్ వసంతంలో గూడు కడుతుంది. అది అదేపనిగా అరుస్తుంటే గూటికి దగ్గరగా ఉన్నామని అర్థం చేసుకుని పక్కకు తప్పుకోవాలి.

లోయ తల దాటి పీఠభూమి మీదికి రాగానే చాలామంది గెలిచామనుకుని మ్యాపు మడిచేస్తారు. అసలు దారి తప్పేది అక్కడే. అప్పటిదాకా వాగు దారి చూపింది, ఇప్పుడు అది మనిషెత్తు పీట్ చాళ్లుగా చీలి, ఏ చాలులో దిగినా నాలుగు దిక్కులూ మూసుకుపోతాయి. పొగమంచు కమ్మితే పది నిమిషాల్లో దిక్కు తప్పుతుంది. అందువల్ల చివరి బండ ఎక్కకముందే, ఎక్కడున్నామో కచ్చితంగా తెలిసిన ఆ చోటే ఆగి, తరువాతి గుర్తు వైపు దిక్సూచి కోణం పట్టుకోవాలి. ఫోన్‌లో జీపీఎస్ పీఠభూమి మీద బాగా పనిచేస్తుంది, ఇరుకు గండిలో గోడలు సంకేతాన్ని అడ్డుకోవడం వల్ల కొన్నిసార్లు పక్కవాలు మీద ఉన్నట్టు చూపిస్తుంది. పీట్ చాళ్లలో రాళ్లతో, కొయ్యతో కట్టిన చిన్న అడ్డుకట్టలు కనిపిస్తాయి. 2003 నుంచి మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ భాగస్వామ్యం నీటిని నిలిపి, స్ఫాగ్నమ్ నాచును తిరిగి పెంచడానికి ఇలాంటి పనులు చేస్తోంది. వాటి మీద కాలు వేయకూడదు. ఆ కట్టల వెనుక నిలిచిన నీరు కింది లోయలోకి నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి అవి లోయలో నడిచేవారికి కూడా రక్షణే.

హక్కులు, హద్దులు

ఇంగ్లండ్, వేల్స్‌లో 2000 నాటి చట్టం మ్యాపులో గుర్తించిన మూర్ మీద కాలినడకన తిరిగే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో గుడారం వేయడం, నిప్పు రాజేయడం, వాగులో, మడుగులో స్నానం చేయడం లేవు. మడుగు ఎంత పిలిచినా యజమాని అనుమతి వేరే కావాలి. మార్చి 1 నుంచి జూలై 31 వరకు నేల మీద గూళ్లు కట్టే పక్షుల కోసం కుక్కను 2 మీటర్లకు మించని తాడుతోనే నడిపించాలి, పశువుల దగ్గర అన్ని కాలాల్లోనూ అంతే. గ్రౌస్ అనే వేట పక్షిని పెంచే కొన్ని మూర్లలోకి కుక్కలను అసలు రానివ్వరు, ద్వారం దగ్గరి బోర్డు చదవాలి. ఆగస్టు 12 నుంచి డిసెంబరు 10 వరకు గ్రౌస్ వేటకాలం కాబట్టి కొన్ని రోజులు కొన్ని ప్రాంతాలు మూసి ఉండవచ్చు. డార్ట్‌మూర్ సంగతి కాస్త వేరు. అక్కడి ఉమ్మడి భూముల మీద హక్కు 1985 నాటి ప్రత్యేక చట్టం నుంచి వచ్చింది, దానిలో గుడారం వేసుకోవడం కూడా ఉందని సుప్రీంకోర్టు 2025 మే నెలలో తేల్చింది. అదే డార్ట్‌మూర్‌లో ఓక్‌హాంప్టన్, మెరివేల్, విల్స్‌వర్తీ అనే మూడు సైనిక కాల్పుల ప్రాంతాలున్నాయి. కాల్పులుండే పగలు ఎర్రజెండాలు, రాత్రి ఎర్రదీపాలు పెడతారు, కాల్పుల సమయాలు ముందే ప్రకటిస్తారు. టేవీ క్లీవ్‌కు బయలుదేరేవారు ఆ పట్టిక చూడకుండా కదలకూడదు. స్కాట్లాండ్‌లో 2003 నాటి చట్టం ఇంతకన్నా విశాలమైన హక్కు ఇస్తుంది.

నిప్పు గురించి ఇంకొక్క మాట. ఎండిన పీట్ నేల పైన మంట ఆరినా లోపల రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. 2018 జూన్‌లో సాడిల్‌వర్త్ మూర్ మీది మంటలను ఆర్పడానికి సైన్యం రావలసి వచ్చింది. వాడి పారేసే బార్బెక్యూ ట్రేలు కారులో కూడా పెట్టుకోవద్దు.

సాయం కావలసి వస్తే

ఇరుకు లోయలో ఫోన్ సిగ్నల్ ఉండదనుకునే బయలుదేరాలి. బయలుదేరే ముందు ఎక్కే లోయ, దిగే దారి, తిరిగి వచ్చే గంట ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వాలి. ఆ గంటకు మరో రెండు గంటలు కలిపి, అప్పటికీ కబురు రాకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో కూడా అందులోనే ఉండాలి. నంబరు 999 లేదా 112. ముందు పోలీసులను అడిగి, తరువాత మౌంటెన్ రెస్క్యూ కావాలని చెప్పాలి. ఆ దళాల్లో ఉండేవారు స్వచ్ఛంద సేవకులు, డబ్బు తీసుకోరు. మాట వెళ్లనంత బలహీనమైన సిగ్నల్ మీద కూడా సందేశం వెళ్లవచ్చు గనుక, ఇంటి దగ్గరే 'రిజిస్టర్' అనే ఇంగ్లీషు మాటను 999కు పంపి ఆ సదుపాయం నమోదు చేసుకోవాలి.

దెబ్బ తగిలితే మొదటి పని తగిలిన మనిషిని నీటికి, రాళ్లు పడే వాలుకు దూరంగా చేర్చడం, కాని వెన్నుకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ప్రాణాపాయం ఉంటేనే కదపాలి. తరువాత కింద సంచి గాని, హెదర్ కొమ్మలు గాని పరిచి, నేల చలి తగలకుండా చేసి, తడి బట్టలు మార్చి, ఉన్నవన్నీ కప్పాలి. వణుకుతున్న మనిషి వణుకు ఆపి మాట తడబడుతుంటే తేరుకున్నట్టు కాదు, చలి లోపలికి పాకినట్టు. ఈలతో నిమిషానికి ఆరు ఊదులు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. రాత్రయితే దీపంతో అలాగే. జవాబుగా మూడు వినిపించినా ఆపకూడదు, ఎందుకంటే లోయలో చప్పుడు ఎటు నుంచి వస్తోందో వెతికేవారికి తెలియడానికి సమయం పడుతుంది. జట్టులో ముగ్గురికి మించి ఉంటే ఇద్దరు కలిసి గ్రిడ్ రిఫరెన్సు రాసిన కాగితంతో సిగ్నల్ దొరికే గట్టు మీదికి వెళ్లాలి, ఒకరు తప్పనిసరిగా దెబ్బ తగిలినవారి దగ్గర ఉండాలి. ఏ ఇబ్బందీ లేకుండా నడక ముగిస్తే, కారు ఎక్కే ముందు, దారి వివరాలు రాసి ఇచ్చిన ఇంట్లోవారికి క్షేమంగా చేరామని కబురు పంపాలి. అది మరిచిపోతే చీకట్లో ఒక దళం మన కోసం ఖాళీ లోయను వెతుకుతుంది.